కోడిపుంజునకు ఎదురుగా నల్ల చిఱుతపులి



ఓటుపత్రముపై బొమ్మ ఎందుల కుండునని అడిగినచో, చదువురానివారి సౌకర్యమునకని మనమందఱము చెప్పుదుము. 1952 నాటి సార్వత్రిక ఎన్నికలలో కాడి కట్టిన జోడెద్దుల బొమ్మను చూచి మన తండ్రులు ఓటు వేసిరి. నేను బడిపంతులుగా నుండిన కాలమున ఎన్నికల పనిమీద పెక్కు గ్రామములకు పోయితిని. వృద్ధులు పత్రమును చేతబట్టి, పేర్లవంక చూడనైన చూడక, గుర్తును వ్రేలితో వెదకుకొనుట ప్రతిచోటను కనుగొంటిని. పక్షమునకు గుర్తే ముఖము. ముఖము చూచియే వీడు మనవాడు, వీడు పరాయివాడు అని మనుష్యుడు నిశ్చయించుకొనును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున అలబామా అను రాష్ట్రము కలదు. అచటి డెమొక్రాటిక్ పక్షమువారి ఓటుపత్రములపై చిరకాలము ఒక కోడిపుంజు బొమ్మ ఉండెడిది. ఆ పుంజుతోపాటు 'తెల్లజాతి ఆధిక్యము' అను మాటలు అచ్చువేయబడి యుండెను. 1966 జనవరిలో ఆ మాటలను తీసివేసిరి; పుంజు మాత్రము నిలిచినది. ఆ దినములలో అచట ఈ పక్షము తప్ప వేఱొక పక్షమునకు బలము లేదు. మే నెలలో పక్షములోపల జరుగు తొలి ఎన్నికలో గెలిచినవాడే నవంబరులో అధికారి యగును. కావున నల్లజాతి రైతు ఒకడు తన ప్రాంతపు అధికారిని ఎన్నుకొనదలచినచో ఆ పుంజునకే ఓటు వేయవలసి యుండెను. అట్లు వేయ నొల్లక తమ బొమ్మను తామే వ్రాసికొన్న ఒక తాలూకావారి కథను నేడు మీకు విన్నవించెదను.

ఆ తాలూకా పేరు లౌండ్సు. అచటివారు కౌంటీ యందురు. మన తాలూకా వంటిదని తలచుకొనిన చాలును. సెల్మా, మాంట్‌గోమరీ అను రెండు పట్టణములకు నడుమ నున్నది. ఆ ప్రాంతమునకు 'నల్లనేల పట్టీ' యని అర్థము వచ్చు పేరు కలదు. మన నల్లరేగడి వంటి నేల యగుటచే ఆ పేరు వచ్చెను. అది ప్రత్తి పండు భూమి. పూర్వము ఆ ప్రత్తిని ఏరినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. 1865 లో బానిసతనము చట్టమున తొలగిన పిదపను వారి మనుమలు, మునిమనుమలు ఆ భూములనే పాలికాపులై దున్నుచు వచ్చిరి. 1965 నాటికి ఆ తాలూకా జనసంఖ్య సుమారు 15,000. అందు ఐదింట నాలుగు వంతులు నల్లజాతివారు. భూమిలో నూటికి తొంబదిపాళ్లు మాత్రము నూఱైనను లేని తెల్ల కుటుంబముల చేతిలో నుండెను. ఆ సంవత్సరము మార్చి నెల ఆరంభమున ఓటరుల పట్టీలో నల్లజాతివాని పేరు ఒక్కటియు లేదు. తెల్లవారి పేర్లన్ననో, ఓటుహక్కు గల తెల్లవారి సంఖ్యకంటె ఎక్కువగా నుండెను. చచ్చినవారును, ఊరు విడిచిపోయినవారును పట్టీలో చిరంజీవులై యుండిరి!

చట్టము లేక యిట్లు జరిగినదని యెంచవలదు. జాతినిబట్టి ఓటుహక్కును నిరాకరింపరాదని 1870 లోనే అమెరికా రాజ్యాంగమునకు పదునైదవ సవరణ చేసిరి. కాని 1901 లో అలబామావారు క్రొత్త రాష్ట్ర రాజ్యాంగము వ్రాసికొని, జాతి అను మాట ఎత్తకయే నల్లజాతివారిని తొలగించు ఉపాయములను పన్నిరి. ఓటు కావలయునన్న సంవత్సరమునకు ఒకటిన్నర డాలరు తలపన్ను కట్టవలయును. చదువు వచ్చునని నిరూపింపవలయును. రాజ్యాంగములోని ఒక భాగమును చూపి దాని యర్థము చెప్పుమని అధికారి అడుగవచ్చును. చెప్పిన యర్థము సరియైనదా కాదా యని నిర్ణయించువాడును అతడే. నేను ముప్పదేండ్లకు పైగా పరీక్షలు పెట్టినవాడను. మార్కులు ముందు వేసికొని ప్రశ్న పిమ్మట అడుగు పరీక్షలో వ్యాకరణ పండితుడైనను నెగ్గజాలడు. మీదుమిక్కిలి ఆ కచేరి నెలకు రెండు సోమవారములు మాత్రమే తెఱచెడివారు. ఇన్నింటిని దాటి పేరు వ్రాయించుకొనబోయిన పాలికాపునకు భూస్వామి మఱునాడే ఇల్లు ఖాళీ చేయుమని కబురు పంపును.

ఒక్క ఓటు కొఱకు ఇంత పట్టుదల యేల యని మీరు అడుగవచ్చును. అమెరికాలో మనకు లేని యాచారము ఒకటి కలదు. మన దేశమున ప్రభుత్వము నియమించు ఉద్యోగులలో పలువురిని అచట ప్రజలే ఎన్నుకొందురు. పోలీసు అధికారమంతయు చేతనుంచుకొను షెరీఫు ఎన్నికైనవాడే. భూమికి ఇంత విలువ, ఇంత పన్ను అని కట్టు అధికారియు, ఆ పన్ను వసూలు చేయు అధికారియు, అపమృత్యువులను విచారించు కారొనరు అను అధికారియు, పాఠశాలల సంఘమువారును ఎన్నికైనవారే. కావున ఓటు లేనివానికి కొట్టిన పోలీసుపై మొఱ పెట్టుకొనుటకు చోటు లేదు. పెద్ద భూస్వామి పొలమునకు తక్కువ విలువ కట్టినప్పుడు పన్ను తగ్గును. పన్ను తగ్గినప్పుడు నల్లజాతి పిల్లల బడికి కప్పు ఉండదు. పంట కొలతలో మోసము జరిగినను అడుగువాడు లేడు. కాపుండవలసిన కంచెయే చేను మేసినట్లు షెరీఫు కచేరియే భయమునకు మూలమై యుండెను. ఆ తాలూకాకు 'నెత్తుటి లౌండ్సు' అని పేరు పడుటకు ఇదియే కారణము.

నల్లజాతివారు తమకు తామై పక్షము కట్టుట లౌండ్సులోనే మొదలు కాలేదు. 1904 లోనే జార్జి ఎడ్విన్ టేలరు అను నల్లజాతి పత్రికాకర్త నేషనల్ లిబర్టీ పక్షము పేర అధ్యక్ష పదవికి నిలిచెను. 1944 లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున ప్రోగ్రెసివ్ డెమొక్రాటిక్ పక్షము వెలసెను. కాని లౌండ్సువారికి కన్ను తెఱపించినది 1964 లో ప్రక్కనున్న మిసిసిపీ రాష్ట్రమువారికి జరిగిన పరాభవము.

మిసిసిపీలో డెమొక్రాటిక్ పక్షమువారు నల్లజాతివారిని తమ సభలలోనికి రానీయకుండిరి. అందుచే వారు మిసిసిపీ ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పక్షము అను పేర వేఱొక సంఘము కట్టి, నియమము తప్పక సభలు జరిపి, ప్రతినిధులను ఎన్నుకొని, 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీ నగరమున జరిగిన ఆ పక్షపు జాతీయ మహాసభకు పోయిరి. నిజమైన ప్రతినిధులము మేము, మాకు ఆసనములిండని కోరిరి. వారిలో శ్రీమతి ఫానీ లూ హేమరుగారు ముఖ్యురాలు. ఇరువదిమంది సంతానములో కడగొట్టు బిడ్డ. ప్రత్తిచేలలో పెరిగిన స్త్రీ. 1962 లో ఓటునకు పేరు వ్రాయించుకొనబోయినందుకు ఆమెను పదునెనిమిదేండ్లు పనిచేసిన తోటనుండి వెడలగొట్టిరి. మఱుసటి సంవత్సరము జెయిలులో పెట్టి కొట్టించిరి. ఆమె ఆ సంగతులను మహాసభవారి యెదుట చెప్పుచుండగా దేశమంతయు టెలివిజనులో చూచుచుండెను. అధ్యక్షుడగు జాన్సనుగారు అప్పటికప్పుడు పత్రికలవారిని పిలిపించి తాము ప్రసంగింప మొదలుపెట్టిరి. ఆమె మాటలు నడుమ తెగిపోయెను. అయినను ఆ రాత్రి వార్తలలో ఆమె ప్రసంగమును మఱల వినిపించిరి. చివఱకు పెద్దలు చేసిన దయ యేమన, అఱువదెనిమిది మందికి గాను రెండు ఆసనములు! అవియు మిసిసిపీ పేర గాదు; ఆ ఇద్దఱు ఎవరో నిర్ణయించుటయు పెద్దల వంతే. వారు వలదని తిరిగి వచ్చిరి.

ఆ మహాసభకు వెంటబోయి ఆ దృశ్యమును కన్నులార చూచిన యువకులు కొందఱు తరువాత లౌండ్సునకు వచ్చిరి. వారు విద్యార్థుల అహింసా సమన్వయ సంఘమునకు చెందినవారు. స్టోక్లీ కార్మైకేలు అను ఇరువదిమూడేండ్లవాడు వారికి నాయకుడు. అయితే యువకులు వచ్చుటకు ముందే ఊరివారు కదలిరని గమనింపవలయును. బర్మింగ్‌హాము నగరమున పనిచేసి స్వస్థలమునకు తిరిగివచ్చిన జాన్ హులెట్టుగారు మఱి ముప్పదిమందికి పైగా వెంటబెట్టుకొని 1965 మార్చి మొదటి వారముననే హేన్‌విల్ కచేరికి పోయిరి. ఆ దినమున వారిని త్రిప్పిపంపిరి. ఆ నెలలోనే హులెట్టుగారి పేరును, అంధుడగు ఒక మతబోధకుని పేరును పట్టీలో చేర్చిరి. అవియే ఆ తాలూకాలో మొదటి రెండు పేర్లు.

మార్చి 21 మొదలు 25 వఱకు మార్టిన్ లూథర్ కింగుగారు సెల్మానుండి మాంట్‌గోమరీకి నడిపించిన పాదయాత్ర లౌండ్సు మీదుగనే సాగెను. యాత్రికులు దాటిపోవుచుండగా కార్మైకేలు మొదలగువారు బాట ప్రక్క నిలిచి చూచుచున్న రైతుల పేర్లు, ఊర్లు వ్రాసికొనిరి. యాత్ర పూర్తియైన రాత్రియే, యాత్రికులను తన కారులో చేరవేయుచుండిన వయోలా లియుజో అను తెల్లజాతి స్త్రీని, ఐదుగురు బిడ్డల తల్లిని, లౌండ్సు బాటపై కాల్చి చంపిరి. ఆగస్టు 6 న ఓటుహక్కుల చట్టముపై అధ్యక్షుడు సంతకము చేసెను. కొలది దినములలో కేంద్ర ప్రభుత్వపు అధికారులు ఆ తాలూకాకు వచ్చి పేర్లు వ్రాసికొన మొదలిడిరి. అదే నెల 20 వ తేదీన జోనతన్ డేనియల్సు అను తెల్లజాతి వేదాంత విద్యార్థి హేన్‌విల్‌లో ఒక నల్లజాతి బాలికకు అడ్డుపడి తుపాకి దెబ్బకు ప్రాణము విడిచెను. కాల్చినవానిని తెల్లవారే కూర్చున్న జ్యూరీ నిర్దోషియని విడిచిపెట్టెను.

సామ దాన భేద దండములని మన నీతిశాస్త్రము నాలుగు ఉపాయములను చెప్పును. లౌండ్సు భూస్వాములు మొదటిదానిని విడిచి తుదిదానిని పట్టుకొనిరి. ఓటు వ్రాయించుకొన్న కుటుంబములను 1965 చివరి మాసములలో పొలములనుండి వెళ్లగొట్టిరి. ఊరివారి సంఘము పెద్దబాట ప్రక్కన కొంత నేల కొని, గుడారములు వేసి, వారిని అందుంచెను. చలికాలము, పసిబిడ్డలు, రాత్రులందు బాటమీద పోవు కారులనుండి తుపాకి కాల్పులు. అయినను ఆ గుడారముల ఊరు రెండేండ్లకు పైగా నిలిచెను. నల్లజాతి ఓటరుల సంఖ్య రెండువేలు దాటెను.

ఓటు చేతికి వచ్చినది. దానిని ఎవరికి వేయవలయును? ఇచటనే వారిలో వారికి పెద్ద వాదము పుట్టెను. డెమొక్రాటిక్ పక్షములో చేరి, ఉన్నవారిలో మంచివారిని ఎంచుకొని, లోపలినుండి దానిని మార్చవలయునని కింగుగారి సంఘమువారు పలికిరి. వారి మాటను తేలికగా త్రోసివేయ వీలులేదు. అలబామా రాష్ట్రము మొత్తముమీద నల్లజాతివారు తక్కువ సంఖ్యవారు. గవర్నరు ఎన్నికలో వారు ఒంటిగా నిలిచి గెలువజాలరు. ఎవరితోనైన కలియక తప్పదు. కాని లౌండ్సులో లెక్క వేఱు. ఐదింట నాలుగు వంతులున్నవారు ఐదవ వంతువాని వాకిట నిలిచి చోటు అడుగనేల యని హులెట్టుగారు మొదలగువారి వాదము. ఎక్కడ సంఖ్యాబలము కలదో అక్కడ స్వతంత్రముగ నిలుచుట, ఎక్కడ లేదో అక్కడ పొత్తు వెదకుట అను వివేకము ఇందు కలదని నా యభిప్రాయము. ఆ వాదమునకు తెల్లవారే బలమిచ్చిరి. షెరీఫు పదవికి నిలువగోరువాడు డెమొక్రాటిక్ పక్షమునకు కట్టవలసిన రుసుము 50 డాలర్లుండగా దానిని 500 చేసిరి. పొమ్మనలేక పొగబెట్టుట యన నిదియే.

అంతలో ఆ యువకుల సంఘములో పరిశోధన చేయు జాక్ మిన్నిసు అనునతడు అలబామా చట్టములను తిరుగవేసి ఒక దారి కనిపెట్టెను. ఒక్క తాలూకాకు మాత్రమే పరిమితమైన పక్షమును ఎవరైనను స్థాపించుకొనవచ్చును. తొలి ఎన్నిక జరుగు దినముననే బహిరంగ సభ చేసి అభ్యర్థులను ఎన్నుకొనిన చాలును. నవంబరు ఎన్నికలో నూటికి ఇరువది ఓట్లు వచ్చినచో ఆ పక్షము చట్టసమ్మతమై నిలుచును. తెల్లవారు వ్రాసికొన్న చట్టములోనే ఆ తలుపు తెఱచియుండెను. నల్లజాతివారు ఆ త్రోవను వత్తురని వారు తలపలేదు. అట్లు లౌండ్సు కౌంటీ స్వాతంత్ర్య సంస్థ పుట్టెను. హులెట్టుగారు దానికి అధ్యక్షులైరి.

పక్షమునకు గుర్తు కావలయునని చట్టము. చదువురానివారు అధికముగా గల తాలూకాలో అది చట్టమునకంటె అవసరము. అట్లాంటా నగరమున సంఘపు కచేరిలోని యువతులు మొదట పావురమును తలపెట్టిరి. లౌండ్సువారి కది సరిపడలేదు. ఆ నగరమున ఒక నల్లజాతి కళాశాల ఆటగాండ్రకు చిఱుతపులి చిహ్నముగా నుండెను. దానినే నల్లగా వ్రాసి పంపగా లౌండ్సువారు మెచ్చుకొనిరి. హులెట్టుగారు ఆ జంతువు స్వభావమును జనులకు ఇట్లు చెప్పెడివారు: దానిని తఱిమినచో వెనుకకు, మఱియు వెనుకకు పోవుచుండును, పోవుటకు చోటు లేక మూలబడినప్పుడే తిరుగబడి మీదికి దుముకును. కోడిపుంజునకు ఎదురుగా చిఱుతపులి నిలిచినచో ఫలమేమో పల్లెవానికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక నాకు మిక్కిలి నచ్చిన భాగము, వారు ఓటరులకు పెట్టిన బడి. షెరీఫు ఏమి చేయవలయును, పన్ను కట్టు అధికారికి ఏ యధికారము కలదు అని బొమ్మలతో చిన్న పుస్తకములు అచ్చువేసి ఇంటింటికి పంచిరి. రాత్రులందు చర్చిలలో పెద్దలు కూడి వానిని చదివించుకొని వినిరి. అంతవఱకు షెరీఫనగా తుపాకియు కఱ్ఱయు అని యెఱిగినవారు, అతని యుద్యోగమునకు చట్టములో హద్దులున్నవని తెలిసికొనిరి. అట్లు తెలిసికొన్న పిదపనే, ఈ పని మనవాడును చేయగలడే యను ధైర్యము కలిగెను. అభ్యర్థులు పట్టభద్రులు కారు, ఇరుగుపొరుగువారే. పన్ను నిర్ణయించు పదవికి శ్రీమతి ఆలిస్ మూరుగారు నిలిచిరి. ధనవంతులపై పన్ను వేసి పేదలకు తిండి పెట్టుటయే తన ఉద్దేశమని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుండిరట. పెద్ద భూములకు సరియైన విలువ కట్టుమని దాని యర్థము. లౌండ్సులో అంతకంటె సాహసమైన మాట లేదు.

1966 మే 3 న హేన్‌విల్ కచేరికి కొంత దూరమున నున్న చర్చి వాకిట సభ జరిగెను. కచేరి ముంగిట జరుపుకొందుమనగా షెరీఫు ఒప్పుకొనలేదు. సుమారు తొమ్మిదివందల మంది స్త్రీ పురుషులు వరుసగా నిలిచి చీటీలు వేసి, ఏడు పదవులకు అభ్యర్థులను ఎన్నుకొనిరి. సిడ్నీ లోగనుగారు షెరీఫు పదవికి ఎంపికైరి. రక్తము చిందలేదు. అదే దినమున డెమొక్రాటిక్ పక్షమువారి తొలి ఎన్నికలో, జాతిభేదమును పట్టుకొని పాలించిన గవర్నరు జార్జి వాలెసుగారి భార్య లర్లీన్ వాలెసుగారు గవర్నరు పదవికి అభ్యర్థినిగా సులభముగ నెగ్గిరి. ఆ పక్షములో మంచివారిని గెలిపింతుమని పోయిన నల్లజాతివారి ఓట్లు ఆమెను ఆపలేకపోయెను.

నవంబరు 8 వచ్చెను. చిఱుతపులికి ఓటు వేసి తిన్నగా ఇంటికి పొండని సంస్థవారు చెప్పియుంచిరి. లోగనుగారికి 1,600 పైచిలుకు, ఆయన ప్రత్యర్థికి 2,300 పైచిలుకు ఓట్లు వచ్చెను. ఏడుగురు అభ్యర్థులును ఓడిపోయిరి. నల్లజాతివారు అధికముగా గల చోట ఇట్లేల జరిగెను? భూస్వాములు తమ పాలికాపులను బండ్లలో తెచ్చి, పుంజునకు వేయుమని చెప్పి, దగ్గఱుండి వేయించిరి. ఓటు వచ్చినను ఇల్లు, పొలము, అప్పు భూస్వామి చేతిలోనే యుండెనుగదా. తలపై కప్పు పోవునని భయపడినవానిని నేను నిందింపజాలను. అయినను ఒక విషయము గమనింపుడు. పది నెలలైనను నిండని పక్షమునకు నూటికి నలువది ఓట్లు వచ్చెను. చట్టము కోరినది ఇరువదియే. ఓడినవారు ఆ రాత్రియే చట్టసమ్మతమైన పక్షమువారైరి. అప్పటినుండి దానికి లౌండ్సు కౌంటీ స్వాతంత్ర్య పక్షమని పేరు.

ఆ చిఱుతపులి బొమ్మ లౌండ్సులో ఆగలేదు. 1966 అక్టోబరులోనే కాలిఫోర్నియా రాష్ట్రపు ఓక్లండు నగరమున హ్యూయీ న్యూటను, బాబీ సీలు అను ఇద్దఱు యువకులు దానిని తీసికొని తమ క్రొత్త పక్షమునకు చిహ్నముగా పెట్టుకొనిరి. బ్లాక్ పాంథరు అనగానే లోకమునకు నేడు తోచునది వారి తుపాకులు, నల్లని చొక్కాలు. ఆ చిహ్నము మొదట ఓటుపత్రము కొఱకు, అక్షరము రాని ప్రత్తిరైతు వ్రేలితో గుర్తుపట్టుట కొఱకు వ్రాయబడినదని తెలిసినవారు తక్కువ.

తరువాత హంట్స్‌విల్ నగరమున దంతవైద్యుడగు జాన్ కాషినుగారు రాష్ట్రమంతటికి కలిపి నేషనల్ డెమొక్రాటిక్ పార్టీ ఆఫ్ అలబామా అను పక్షమును స్థాపించిరి. దాని గుర్తు గరుడపక్షి. 1968 నవంబరు ఎన్నికలో గ్రీను కౌంటీ యను మఱొక నల్లనేల తాలూకాలో ఆ పక్షపు అభ్యర్థుల పేర్లను అధికారులు ఓటుపత్రముననే వేయకుండిరి. పక్షమువారు అమెరికా సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి. 1969 మార్చిలో న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పి, ఎన్నిక మఱల జరుపుమనెను. ఆ జూలై 29 న జరిగిన ఎన్నికలో గరుడపక్షి గెలిచి, తాలూకా సంఘమునందును పాఠశాలల సంఘమునందును నల్లజాతివారే ఎక్కువమంది యైరి. వీధిలో చేసిన పోరాటము కంటె ఈ వ్యాజ్యము తక్కువదేమియు కాదు. పేరు అచ్చుకాని అభ్యర్థికి ఎంత జనబలమున్నను ఏమి లాభము?

లౌండ్సు పక్షము 1970 లో ఈ పక్షముతో కలిసెను. ఆ నవంబరులో జాన్ హులెట్టుగారు షెరీఫుగా ఎన్నికైరి. ఐదేండ్ల క్రిందట ఓటునకు పేరు వ్రాయమని అడుగబోయి కచేరి వాకిటనుండి త్రిప్పి పంపబడినవాడు అదే కచేరిలో షెరీఫై కూర్చుండెను. ఇరువదిరెండేండ్లు ఆ పదవిలో నుండెను. అటుపిమ్మట ప్రొబేటు జడ్జిగా ఎన్నికయ్యెను.

షెరీఫైన కొలదికాలమునకే హులెట్టుగారు డెమొక్రాటిక్ పక్షమున చేరిరి. స్నేహితులలో కొందఱికి ఇది నొప్పి కలిగించెను. నాకు మాత్రము ఇందు తప్పు కనబడదు. 1966 లో మూసియున్న తలుపు 1970 తరువాత తెఱచుకొనెను. ఆ పక్షమువారికి నల్లజాతి ఓట్లు లేక గెలుపు లేని కాలము వచ్చెను; చిఱుతపులిని చూచిన పిదపనే పుంజు మర్యాద నేర్చినది. కాని స్వతంత్ర పక్షము లేకపోవుటచే పోయినదియు ఒకటి కలదు. బొమ్మల పుస్తకములు పట్టుకొని రాత్రులు కూర్చున్న ఆ సభలు, పాలికాపును అభ్యర్థిగా నిలిపిన ఆ వాడుక, క్రమముగా సన్నగిల్లెను. పదవులు కొందఱి చేతిలో నిలిచెను.

భూమి విషయము పదవులతో తేలలేదు. షెరీఫు మాఱినందున పోలీసు దెబ్బల భయము తగ్గెను. పొలము చేతులు మాఱలేదు. లౌండ్సు నేటికిని బీద తాలూకాయే. ఆ నల్లమట్టి నీటిని పీల్చుకొనదు. మురుగు కాలువలు లేనందున ఇంటిమురుగు పెరడులలోనే నిలిచిపోవుచున్నదని చాలకాలముగా మొఱ పెట్టుకొనుచున్నారు. 2023 లో కేంద్రపు న్యాయశాఖ ఈ విషయమున అలబామా ఆరోగ్యశాఖతో ఒడంబడిక చేసికొనెను. 2025 లో దానిని తానే రద్దుచేసెను.

బాట ప్రక్క గుడారములు వేసిన ఆ నేలమీద 2006 లో జాతీయ ఉద్యానముల శాఖవారు ఒక ప్రదర్శనశాలను తెఱచిరి. వెళ్లగొట్టబడిన కుటుంబముల చిత్రములను, ఆనాటి గుడారముల పోలికను అందు చూడవచ్చును. జాన్ హులెట్టుగారు ఆ సంవత్సరముననే పరమపదించిరి.